తోటి అమ్మాయికి చెప్పే అమ్మాయి వెనక ఎవరున్నారు?

జనవరి వచ్చిందంటే అమరావతి, క్రోసూరు, అచ్చంపేట మండలాల్లో తెల్లవారకముందే ఆటోలు కదులుతాయి. మిరప కోతలు. బడి మానేసిన ఆడపిల్లలు, కొంతమంది బడికెళ్ళే పిల్లలు కూడా ఏప్రిల్ దాకా చేలల్లోనే ఉంటారు. సరిగ్గా అప్పుడే, మార్చి నెలాఖరులోగా డబ్బు ఖర్చు చూపించాలి కాబట్టి, మన సంస్థలు పీర్ ఎడ్యుకేటర్ల శిక్షణలు పెడుతుంటాయి. ఎవరొస్తారు? ఒక రోజు కూలి పోయినా ఇబ్బంది లేని ఇళ్ళ పిల్లలు. ఎవరి ఆరోగ్యం గురించి ఇంత హడావుడీ చేస్తున్నామో వాళ్ళు మాత్రం రారు.

ఈ ఆలోచన ప్రభుత్వం మనకి నేర్పింది కాదు. స్త్రీశక్తి సంఘటన నుంచి 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చేనాటికి కైరో జనాభా సదస్సు (1994) ఇంకా జరగనే లేదు. మన శరీరం గురించి మనమే కూర్చుని మాట్లాడుకోవాలన్నది అప్పటి పట్టుదల. 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలై, 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఊళ్ళోని తోటి పిల్లల చేతే చెప్పించాలంది. మంచిదే. కానీ మధ్యలో సందేహాలు పోయి చార్టులు మిగిలాయి. అమ్మాయి చార్టు అప్పజెబుతుంది, మనం చప్పట్లు కొడతాం.

చేలో పిల్లల సందేహాలు వేరు. మిరపకాయలు కోసిన చేత్తో గుడ్డ మార్చుకుంటే మంట. కడుక్కుందామంటే నీళ్ళు లేవు, చాటు లేదు. పొద్దున పెట్టుకున్న గుడ్డ సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. పత్తికి మందు కొట్టిన మర్నాడు చేలో దిగొచ్చా, ముట్టు సమయంలో దిగితే ఏమవుతుంది? తెల్లబట్ట రోగమా కాదా? 2021లో రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పేరుతో 7 నుంచి 12వ తరగతి దాకా ప్రభుత్వ బడి పిల్లలకి నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. బడి మానేసి కోతకి పోయిన పిల్ల ఆ లెక్కలోకి రాలేదు.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయింది. త్వరగా పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, కొన్నేళ్ళకి నడుము నొప్పో తెల్లబట్టో అంటే 'సంచి తీసేద్దాం' అనే డాక్టరు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి సుమారు 3, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. కాబట్టి పదహారేళ్ళ పిల్లకి పరిశుభ్రత ఒక్కటే నేర్పి ఊరుకుంటే సరిపోదు. 'ఎందుకు తీయాలి? వేరే మందు లేదా?' అని డాక్టర్ని అడగడం కూడా నేర్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా పరిశోధన జరిగినప్పుడు హాస్టల్ పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. 'ఇదేం టీకా?' అని అడిగే హక్కు ఆ పిల్లలకుందని వాళ్ళకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇది. పదిహేడేళ్ళ స్నేహితురాలు వచ్చి 'నెల తప్పింది, ఎవరికీ చెప్పకు' అంటే మన పీర్ ఎడ్యుకేటర్ ఏం చెయ్యాలి? 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద, తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే శిక్ష. పీర్ ఎడ్యుకేటర్‌కి కూడా పద్దెనిమిది నిండకపోతే ఆ శిక్ష ఆమెకి వర్తించదు, నిండితే వర్తిస్తుంది. గర్భస్రావం చేసే డాక్టరు, మైనరూ ఆమె సంరక్షకులూ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. మన శిక్షణల్లో ఎన్నింటిలో ఈ మాట చెబుతున్నాం? రహస్యం కాపాడమని పిల్లకి నేర్పి, చట్టం సంగతి దాచిపెట్టడం అన్యాయం. రేపు ఊళ్ళో గొడవైతే 'నువ్వే చెడగొట్టావు' అనేది ఆ పిల్లనే. పెళ్ళికాని పిల్లకి ఈ మాటలెందుకన్న తిట్లు ఎలాగూ తప్పవు. అప్పటికి మన రిపోర్టు పంపించడం అయిపోయి ఉంటుంది.

పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారు, శిక్షణ వృథా అని కొందరు కార్యకర్తలు విసుక్కుంటారు. నాకలా అనిపించదు. ఆమె వెళ్ళేది మరో ఊరికే కదా! అసలు అక్కడి కొత్త కోడళ్ళ దగ్గరికే మనం ఎప్పుడూ చేరలేకపోతున్నాం. వెళ్ళేముందు ఆ ఊరి ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి ఆమె గురించి ఒక మాట చెబితే చాలు.

శిక్షణలు కోతలు లేని మే, జూన్ నెలల్లో పెడదాం. ఎండలు మండిపోతాయన్నది నిజమే, సాయంత్రాలున్నాయి. వచ్చిన పిల్లకి ఆ రోజు కూలి ఇద్దాం. ఊరికి ఇద్దరు పెద్దవయసు స్త్రీలని, సంఘం వాళ్ళని, ఆమె వెనక నిలబడమని ముందే ఒప్పిద్దాం. ఆ ఇద్దరు దొరకని ఊళ్ళో శిక్షణ మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. నిధులిచ్చేవాళ్ళు ఊళ్ళ సంఖ్య తగ్గిందంటే తగ్గిందనే చెబుదాం.