సాగర్‌లో బుద్ధుడున్నాడు, గుంపు మేస్త్రీ లేడు

నాగార్జునసాగర్ మీద తెలుగులో వచ్చే ట్రావెల్ వ్యాసాలన్నీ ఒకే టెంప్లేట్. గేట్లు ఎత్తిన ఫొటో, లాంచీ ప్రయాణం, కొండ మీద మ్యూజియం, ఎత్తిపోతల, ఇప్పుడు కొత్తగా బుద్ధవనం. మధ్యలో ఎక్కడో 'ఆధునిక దేవాలయం' అనే మాట పడాలి, లేకపోతే వ్యాసం పూర్తయినట్టు కాదు. ఆఖర్న చేపల పులుసు. ఇవన్నీ చూడదగ్గవే, పులుసుతో సహా. కానీ ఈ వ్యాసాల్లో ఒక ఊరు మొత్తం మాయమైపోయింది. ఆ ఊరు నీళ్లలో మునగలేదు, రోడ్డు పక్కనే ఉంది. బస్సు అందులోంచే పోతుంది.

పైలాన్ కాలనీ, హిల్ కాలనీ. ఇప్పుడు రెండూ నందికొండ మున్సిపాలిటీ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక డ్యామ్ కోసమే పుట్టిన ఊళ్లివి. ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ టౌన్‌షిప్ వెలిసినట్టే ఇక్కడా క్వార్టర్లు, ఆస్పత్రి, బళ్లు వెలిశాయి. తేడా ఒక్కటే. ఉక్కు ఫ్యాక్టరీ ఏటేటా ఉక్కు తీస్తుంది, ఈ ఊరు తయారుచేయాల్సింది ఒకే ఒక్క వస్తువు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. తర్వాత కొన్నేళ్లకి గేట్లు బిగించడమూ అయిపోయింది. దాంతో ఊరి పనీ అయిపోయింది. మూతపడ్డ మిల్లు ఊరంటే మనకి వరంగల్ ఆజంజాహీ గుర్తొస్తుంది, దాని మీద కథలూ కన్నీళ్లూ ఉన్నాయి. పని పూర్తిచేసినందుకే పని పోయిన ఊరి గురించి మాత్రం ఎవరికీ బాధ లేదు.

అసలు ఇది రాతి డ్యామ్ అని ఎంతమందికి తెలుసు? కాంక్రీటుది కాదు. సిమెంటుకీ, యంత్రాలు కొనే విదేశీ మారకద్రవ్యానికీ కరువున్న రోజులు. మనుషులు మాత్రం చవక. అందుకని నాలుగు వందల అడుగుల ఎత్తు గోడని రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఆ రోజుల ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, జూమ్ చేసి చూడండి. కర్రల పరంజాల మీద ఏటవాలు బాటలు, వాటి మీద చీమల బారుల్లా మనుషులు, నెత్తి మీద రాయి, చేతిలో తట్ట. ఆడవాళ్లూ ఉన్నారు. ఫొటో కింద మాత్రం ఎవరి పేరూ ఉండదు.

వాళ్లలో పాలమూరు వాళ్లున్నారు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్స్ తీసుకుని, పిల్లాజెల్లాతో దేశంలో ఏ డ్యామ్ కడుతుంటే అక్కడికి పోయినవాళ్లు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరు గుండా. అయినా సాగర్ కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు పోయింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం, కృష్ణా జిల్లాలకి పోయింది. ఆ ఆయకట్టులో పాలమూరు లేదు. నల్లగొండలోనే మునుగోడు, మర్రిగూడ తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగాయి. టూరిజం బోర్డుల్లో ఈ భాగం రాయరు, సరే. సాహిత్యం చదివే మనం ఎందుకు అడగం?

ఇక మ్యూజియం సంగతి. డ్యామ్ కింద మునగబోయేది ఇక్ష్వాకుల విజయపురి అని తెలిసి, 1954 నుంచి ఆరేళ్లు ఆదరాబాదరా తవ్వారు. కట్టడాలని రాయి రాయి విప్పి కొండ మీదకీ, అనుపుకీ తరలించి మళ్లీ పేర్చారు. గొప్ప పని, నేను కాదనను. ఆ తవ్వకాల్లో ఛాయాస్తంభాలు దొరికాయి, అంటే చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలబెట్టిన రాళ్లు. రాజులకే కాదు, సైనికులకీ ఉన్నాయి, ఒక చేతిపనివాడికి కూడా ఉంది. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి పేరు శాసనంలో ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఊళ్లో ఎవరేం ఇచ్చారో మనకి తెలుసు. అరవై ఏళ్ల కిందట అదే లోయలో రాళ్లు మోసినామె పేరు మాత్రం తెలియదు.

2022లో 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. అమరావతి స్తూపం నమూనాలో మహాస్తూపం, శ్రీలంక అవుకన బుద్ధుడి నకలు, జాతక కథల పార్కు. బుద్ధుడితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఎకరాల లెక్కతోనే. నకళ్లకి 274 ఎకరాలు దొరికిన చోట, పెచ్చులూడుతున్న అసలు క్వార్టర్లలో ఒక్కదాన్ని మ్యూజియంగా ఉంచడానికి గదైనా దొరకలేదా?

మా ఫీల్డ్‌లో ఆన్‌సైట్ వెళ్లిన ప్రతివాడూ లాస్ వేగాస్ నుంచి హూవర్ డ్యామ్‌కి పోయి సెల్ఫీ దిగుతాడు. అక్కడ తాళ్లకి వేలాడుతూ కొండ చెక్కిన కార్మికుడి కంచు విగ్రహం ఉంది. చనిపోయిన పనివాళ్లకి స్మారకం ఉంది. వాళ్ల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో మ్యూజియం ఉంది, పాత వీధులకి చారిత్రక గుర్తింపూ ఉంది. వాళ్లేం పుణ్యాత్ములు కారు, నల్లవాళ్లని ఆ పనికి దాదాపు దూరంగానే పెట్టారు. కానీ కట్టినవాడు కూడా చూడదగ్గ విషయమేనని ఆ దేశానికి తోచింది. అదే సెల్ఫీగాడు ఇంటికొచ్చి సాగర్ పోతే గేట్ల ముందు దిగుతాడు. తప్పు వాడిది కాదు, వాడికి ఇంకేం చూపించాం?

'కూలి ఇచ్చారుగా, ఇంకేం కావాలి' అనేవాళ్లు ఉంటారు. ఇంజనీర్లకీ జీతాలిచ్చారు, శిలాఫలకాల మీద పేర్లూ వేశారు. 'పాత క్వార్టర్లు ఎవడు చూస్తాడు' అనేది ఇంకో ప్రశ్న. హైదరాబాద్ ఓల్డ్ సిటీలో కూలిన దేవిడీల ముందు హెరిటేజ్ వాక్ పేరుతో నిలబడేది మనమే కదా. నవాబు గోడ కూలితే వారసత్వం, కూలివాడి గోడ కూలితే చెత్త.

నేనడిగేది పెద్ద పనేం కాదు. కూలీలుంటే మస్టర్ రోల్స్ ఉండి తీరాలి, పేరు, రోజులు, వేలిముద్రతో. అవి ఏ నీటిపారుదల ఆఫీసు బీరువాలోనైనా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే స్కాన్ చేసి జనానికి తెరవాలి. స్కానింగ్, డేటా ఎంట్రీ నాలాంటివాళ్లు ఓ పదిమంది వీకెండ్లలో చేసిపెట్టగలరు. రెండోది ఇంకా తొందరైనది. కాలువలకి నీళ్లొదిలిన నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు ఎనభై దగ్గరపడుతోంది. హిల్ కాలనీలో కొందరు, పాలమూరు పల్లెల్లో కొందరు ఇంకా ఉండే ఉంటారు. ఈసారి సాగర్ వెళ్లేవాళ్లు లాంచీ టైమింగ్ కనుక్కున్నాక పైలాన్ కాలనీలో దిగండి, అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని పలకరించండి, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి మొదట పేరు అడగండి.