స్టెరాయిడ్ బిళ్లకు చీటీ అడిగించండి

అనకాపల్లి జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి,

మా రోలుగుంట వైపు పల్లెల్లో మోకాళ్ల నొప్పులకు, దురదలకు డాక్టరు చీటీ లేకుండానే స్టెరాయిడ్లు చేతికొస్తున్నాయి.

స్టెరాయిడ్ మంచి మందే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. మరుసటి ఏడాదే అదుపు తప్పిన షుగరు, విచ్చలవిడి స్టెరాయిడ్లు కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీయడం రాష్ట్రమంతా చూసింది.

స్టెరాయిడ్ బిళ్లతో పూటలో నొప్పి తగ్గుతుంది కనుక, పొలం పనికి పోవాల్సిన మనిషి మళ్లీ అదే బిళ్ల అడుగుతాడు. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. భయపడి ఒక్కసారిగా మానేస్తే మరీ ప్రమాదం. అప్పటికి అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం తగ్గించేసి ఉంటాయి. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఔషధ నియంత్రణ అధికారులతో కలిసి మందుల షాపుల్లో చీటీలు తనిఖీ చేయించండి. అంతకన్నా ముందు, ఇప్పటికే వాడుతున్నవారిని ఆశా కార్యకర్తల ద్వారా గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
రోలుగుంట వాసి