ముందు కొలవండి, తర్వాతే కొనండి

మార్కాపురం పలకల దుమ్ములో, గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో తిరిగిన కారు నీలం పొగ వదులుతుంటే, 'రింగులు మార్చేయ్' అంటారు. తొందరపడకండి. వాల్వ్ సీళ్లు పోయినా అదే పొగ వస్తుంది. ఫిల్టర్ దాటిన దుమ్ము సిలిండర్‌నే అరగదీస్తే, కొత్త రింగులు దండగే. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలవండి. అరుగుదల మాన్యువల్ పరిమితి దాటిందా? దొరికే ఓవర్‌సైజ్ పిస్టన్‌ని బట్టి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు బోరింగ్ చేయించాలి. క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే అండర్‌సైజ్ బేరింగులే వేయాలి.

ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చేదాకా నేను బోర్ గేజ్ పట్టుకోలేదు. మీరలా చేయకండి. సెలవుల్లో ఓ నెల మీ ఊరి లేత్ షాపులో నిలబడండి. ఇంటర్వ్యూలో 'ఏ పార్టు మారుస్తావ్?' అనడిగితే, 'ముందు కొలుస్తాను సార్' అని ధైర్యంగా చెప్పగలుగుతారు.