కొలువు కోరి వచ్చినవారు

బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ చౌరస్తా దాకా ఉదయం పూట నడచి వెళ్ళేవారికి ఒక విశేషం కనిపిస్తుంది. ఇతర పేటలలో తెల్లవారుతూనే తెరచుకొనేవి పాల దుకాణాలు, టిఫిన్ బండ్లు. ఇక్కడ వాటితోపాటు జిరాక్సు దుకాణాలు కూడా తెరచుకొంటాయి. నగర కేంద్ర గ్రంథాలయం ముందు వీపున సంచి, చేతిలో నీళ్ళ సీసా పట్టుకొన్న యువతీయువకులు నిలబడి ఉంటారు. పాలమూరు, ఆదిలాబాదు, నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఇరుకు గదులను పంచుకొని చదువుతున్నవారు వీరు. చుట్టుపక్కల గోడల మీద గత పరీక్షలలో ర్యాంకులు సాధించినవారి చిత్రాలు పెద్దవిగా అతికించి ఉంటాయి. ర్యాంకు రానివారి చిత్రాలను ఏ శిక్షణ సంస్థా అతికించదు. నేను చెప్పదలచుకొన్నది వారిని గురించే.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది. ఖాళీలు 503. దరఖాస్తులు సుమారు 3,80,000. అనగా ఒక్కొక్క పదవికి ఏడువందల యాభైమందికి పైగా పోటీ పడ్డారు. ఆ సంవత్సరం అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు ముందుగానే బయటికి పొక్కిన వ్యవహారం 2023 మార్చిలో వెల్లడి కావడంతో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్ళీ నిర్వహించారు. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానం దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పదవులతో కొత్త ప్రకటన వచ్చింది. జూన్‌లో ముచ్చటగా మూడవసారి ప్రాథమిక పరీక్ష, అక్టోబరులో ప్రధాన పరీక్షలు జరిగాయి. 2022 డిసెంబరులో 783 పదవులకు ప్రకటించిన గ్రూప్-2 పరీక్ష పలుమార్లు వాయిదా పడి, రెండేళ్ళకు, 2024 డిసెంబరులో జరిగింది. ఈ కాలయాపనలో గదిలో కూర్చొని చదువుకొన్న లక్షలాది అభ్యర్థుల దోషం ఏ మాత్రమూ లేదు. కానీ గడచిన కాలం మాత్రం వారి వయస్సులోనే చేరింది.

వీరిలో అత్యధికులు ఏదో ఒకనాడు పుస్తకాలు సర్దుకొని ప్రైవేటు సంస్థల వైపు నడవవలసినవారే. ఇది నిరాశతో చెప్పే మాట కాదు; పై అంకెలే ఆ విషయం చెబుతున్నాయి. అప్పుడు వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: “డిగ్రీ పూర్తయిన తరువాత ఈ నాలుగేళ్ళూ ఏం చేశారు?”

ఆ ప్రశ్న అడిగేవారిలో నా పూర్వ విద్యార్థిని ఒకరున్నారు. పదిహేనేళ్ళుగా మాదాపూర్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఉద్యోగులను ఎంపిక చేసి ఇవ్వడం ఆమె వృత్తి. ఈ వృత్తిలోనివారిని రిక్రూటర్లు అంటారు. ఒకనాడు ఆమెను మా కళాశాలకు పిలిచి, విద్యార్థులతో మాట్లాడమని కోరాను. రెజ్యూమే ఎట్లా వ్రాయాలో, ఏ రంగు చొక్కా వేసికోవాలో చెబుతుందని పిల్లలు అనుకొన్నారు. నేనూ కొంతవరకు అట్లాగే అనుకొన్నానని ఒప్పుకోవాలి. ఆమె చొక్కా ప్రసక్తే తేలేదు.

“సార్, మా దగ్గరికి వచ్చేవారిలో చదువు లేక పోయేవారు కొందరే. భయపడి అబద్ధం చెప్పి పోయేవారు ఎక్కువ” అన్నది.

ఆమె చెప్పిన ఉదంతం ఇది. ఒక అభ్యర్థి ఇంజినీరింగు చదివి, గ్రూప్-1 కోసం అశోక్‌నగర్‌లో నాలుగేళ్ళు గడిపాడు. సాఫ్ట్‌వేర్ పరీక్షకుడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. అతని రెజ్యూమేలో మాత్రం ఆ నాలుగేళ్ళూ ఒక సంస్థలో పనిచేసినట్లున్నది. అనుభవ పత్రం ఉన్నది, జీతం చీటీలు ఉన్నాయి. అన్నీ కొన్నవే. అటువంటి పత్రాలు అమ్మేవారు నగరంలో ఉన్నారని అందరికీ తెలుసు. ఆమె ఒకే ప్రశ్న అడిగింది: “మీ బృందంలో తప్పు దొరికినప్పుడు దానిని ఎవరికి, ఎట్లా తెలియజేసేవారు?” అతడు సమాధానం చెప్పలేకపోయాడు. ఆమె నొక్కి అడుగకుండానే తలవంచుకొని నిజం చెప్పేశాడు.

అప్పుడామె, ఆ నాలుగేళ్ళలో నిజంగా ఏం చేశావని అడిగింది. చదివానన్నాడు. ఇంకా? హాస్టల్లో జూనియర్లకు సాయంత్రం పూట అంకగణితం చెప్పాడట. పాత ప్రశ్నపత్రాలన్నీ సేకరించి, ఏ అంశం నుండి ఎన్నిసార్లు ప్రశ్న వచ్చిందో కంప్యూటరులో పట్టికగా తయారు చేశాడట. ఒక శిక్షణ సంస్థ అచ్చువేసిన ప్రశ్నావళిలో తప్పులు గుర్తించి, జాబితా వ్రాసి ఇచ్చాడట. “సార్, తప్పులు వెతికి జాబితా వ్రాయడమే మేము ఇవ్వజూపిన ఉద్యోగం. అది అతనికి నిజంగా వచ్చు. వచ్చిన విద్యను దాచి, చేయని ఉద్యోగాన్ని వ్రాసికొన్నాడు” అన్నది ఆమె. ఆనాడు అతనికి ఉద్యోగం రాలేదు. అబద్ధపు పత్రం ఒకసారి దాఖలైన తరువాత ఆ సంస్థలో తానేమీ చేయలేనన్నది. ఏడెనిమిది నెలల తరువాత ఉన్నదున్నట్లు వ్రాసిన రెజ్యూమేతో అతడు మరొక చోట, తాను ఆశించినదానికన్న తక్కువ జీతానికి చేరాడు.

ఈ మాటలు వింటున్నప్పుడు నా మనస్సు విరాటపర్వం మీదికి పోయింది. తెలుగు బోధించేవారికి ఇదొక అలవాటు; విద్యార్థులు మన్నించాలి. ‘కొలువు’ అన్న మాటకు తెలుగులో రాజసభ అనీ, ఉద్యోగమనీ రెండర్థాలున్నాయి. విరాటపర్వంలో ఆ రెండూ ఒకచోట కలుస్తాయి. పాండవులు పన్నెండేళ్ళు అడవిలో గడిపినవారు. నేటి భాషలో చెప్పాలంటే వారి రెజ్యూమేలో పన్నెండేళ్ళ ‘గ్యాప్’. పదమూడవ ఏట ఒక్కొక్కరే విరాటుని ఎదుట నిలబడి ఉద్యోగం అడిగారు. భీముడు వంటవాడినన్నాడు, మల్లయుద్ధమూ తెలుసునన్నాడు. నకులుడు గుర్రాల స్వభావమూ, వాటి శిక్షణా, చికిత్సా తెలిసినవాడినన్నాడు. సహదేవుడు పశువుల మందలను లెక్కించి కాపాడగలనన్నాడు. అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పుతానన్నాడు. భీముని ఆకారం చూచి విరాటుడు ఇతడు వంటవాడేమిటని సందేహించాడు కూడా. ఎంపిక చేసేవారి సందేహం ఈనాటిది కాదు.

వారు చెప్పిందీ అబద్ధమే కదా అని మీలో ఎవరైనా అడుగవచ్చు. మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది కూడా. మంచి ప్రశ్న. పాండవులు మార్చుకొన్నవి పేర్లు. చెప్పిన విద్యలు మాత్రం నిజమైనవి. భీముడు నిజంగా వండగలడు, సహదేవుడు నిజంగా ఆవులను కాయగలడు. అందుకే ఏడాది పొడుగునా ఎవరికీ పట్టుబడలేదు. నేడు నకిలీ అనుభవ పత్రం కొనేవాడు ఇందుకు విరుద్ధంగా చేస్తున్నాడు. అతని పేరు నిజం, విద్య అబద్ధం. పైగా విరాటునికి లేని సౌకర్యం నేటి సంస్థలకు ఉన్నది. భవిష్యనిధి సంస్థ 2014 నుండి ఒక్కొక్క ఉద్యోగికి ఒకే ఖాతా సంఖ్యను ఇస్తున్నది. ఎన్ని సంస్థలు మారినా ఆ సంఖ్య మారదు. ఎప్పుడు, ఎక్కడ పనిచేశాడో, చందా ఎవరు కట్టారో అందులో నమోదై ఉంటుంది. పూర్వాపరాలు విచారించే సంస్థలు మొదట చూచేది దానినే. చేరిన ఆరు నెలలకో, ఏడాదికో ఆ లెక్క సరిపోక, నిలబడిన చోటనే రాజీనామా వ్రాసి ఇచ్చినవారున్నారని ఆమె చెప్పింది.

తిక్కన సోమయాజి నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్నవాడు. ఉద్యోగంలోని కష్టసుఖాలు ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసినవి మాత్రమే కావు. కొలువుకు బయలుదేరే పాండవులకు ధౌమ్యుడు చెప్పే సేవాధర్మాల ఘట్టం అంత సజీవంగా ఉండడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. తనకు తగిన చోటు తెలిసి కూర్చోవడం, యజమాని రహస్యం వెలుపలికి చెప్పకపోవడం, మన్నన దొరికిందని మిడిసిపడకపోవడం మొదలైన ధర్మాలను నా పూర్వ విద్యార్థిని ముందు చదివి వినిపించాను. మా సంస్థలో కొత్తవారికి మొదటి వారం చెప్పేవి ఇవేనని నవ్వింది.

ఒక విషయంలో మాత్రం ఆమెకూ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. పోటీపరీక్షల కోసం రెండేళ్ళకు మించి గడపడం వృథా అని ఆమె వాదన. నేనంగీకరించలేదు. రాజ్యాంగమూ, చరిత్రా, ఆర్థికశాస్త్రమూ శ్రద్ధగా చదివిన నాలుగేళ్ళను వృథా అనడానికి నాకు మనస్సు రాదు. ఎంతోమంది తమ ఊరి చెరువు చరిత్రను, తమ మండలం జనాభా లెక్కను మొదటిసారి తెలిసికొన్నది ఆ గదులలోనే. పేదింటి పిల్లవాడు సిఫారసు లేకుండా అధికారి కాగల మార్గాన్ని చులకన చేయడం తగదన్నాను. ఆమె కొంతసేపు ఆలోచించి, “సరే సార్, ఎన్నేళ్ళయినా చదవనివ్వండి. కానీ ఎన్నేళ్ళో మొదలుపెట్టే రోజునే కాగితం మీద వ్రాసికోమనండి” అన్నది.

ఈ మాటకు నా వద్ద బదులు లేకపోయింది. పాండవుల వనవాసానికి గడువున్నది. పన్నెండేళ్ళు అడవి, ఒక ఏడు అజ్ఞాతం అని బయలుదేరిన రోజునే వారికి తెలుసు. అశోక్‌నగర్ వనవాసానికి ఆ గడువు లేదు. వచ్చే ప్రకటన, వచ్చే వాయిదా, వచ్చే తీర్పు అంటూ అది తనంతట తాను పెరుగుతుంది. గరిష్ఠ వయోపరిమితిని 2022లో 44 ఏళ్ళకు, 2024లో 46 ఏళ్ళకు పెంచారు. ఆలస్యంవల్ల నష్టపోయినవారికి అది న్యాయమే. అయితే ఇంకా అవకాశం ఉన్నదన్న ఆశతో మరొక ఏడు గదిలోనే ఉండిపోయేవారికి అదే నిర్ణయం బరువు కూడా అవుతున్నది. పరీక్ష తేదీని నిర్ణయించేది ప్రభుత్వం. విరమించే తేదీని అభ్యర్థి, అతని తల్లిదండ్రులు కూర్చొని నిర్ణయించుకోవచ్చు. అట్లా నిర్ణయించుకొన్న ఇళ్ళు నేను చాలా తక్కువగా చూచాను.

సాంకేతిక విద్య చదువుతున్నవారికి ఆమె చెప్పిన మాటలు కొన్ని ఉన్నాయి. పెద్ద సంస్థలలో రెజ్యూమేను మొదట చదివేది తరచుగా మనిషి కాదు, కంప్యూటరు. ప్రకటనలో అడిగిన నైపుణ్యాల పేర్లు అందులో ఉన్నాయా లేవా అని అది వెతుకుతుంది. అందుచేత ఒకే రెజ్యూమేను వందచోట్లకు పంపడంకన్న, ప్రకటన చదివి, తనకు నిజంగా వచ్చినవి ఆ మాటలలోనే వ్రాసి పదిచోట్లకు పంపడం మేలు. ఇంగ్లీషు రాదని కుంగిపోయేవారికి ఆమె ఇచ్చిన సలహా కూడా నాకు నచ్చింది. చేసిన పనిని ముందు తెలుగులో, ఇంట్లో అమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పి చూడమన్నది. అట్లా చెప్పలేనివారు ఇంగ్లీషులోనూ చెప్పలేరట. కిష్కింధలో హనుమంతుడు మాట్లాడిన కొద్ది మాటలు విని అతని చదువును రాముడు అంచనా వేసిన ఘట్టం మీరు వినే ఉంటారు. రాముడు హనుమంతుని ప్రమాణపత్రాలు అడుగలేదు.

డబ్బు తీసికొని ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనే వారి సంగతి కూడా ఆమె దాచలేదు. ఉద్యోగం ఇచ్చే సంస్థ రిక్రూటరుకు రుసుము చెల్లిస్తుంది; అభ్యర్థిని లక్షలు అడిగేవారు రిక్రూటర్లు కారు. విదేశాలలో కంప్యూటరు ఉద్యోగమన్న ఆశ చూపగా నమ్మి వెళ్ళి, కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల కేంద్రాలలో చిక్కుకొన్న తెలుగు యువకుల కథలు 2022 నుండి పత్రికలలో చదువుతూనే ఉన్నాము. విదేశీ ఉద్యోగాల ఏజెంట్లు 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. ఆ ఏజెంటు నమోదైనవాడో కాడో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూచుకోవచ్చు. చూచుకోవడానికి పట్టేది అయిదు నిమిషాలు.

సభ ముగిసి పిల్లలందరూ వెళ్ళిన తరువాత మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఏమి నాయనా అంటే, తన అన్న అశోక్‌నగర్ హాస్టల్లో అయిదేళ్ళుగా ఉంటున్నాడనీ, ఈ మధ్య పండుగకు కూడా ఇంటికి రావడం లేదనీ, ఊళ్ళో వాళ్ళు ఏం చేస్తున్నావని అడుగుతారని జంకుతున్నాడనీ చెప్పాడు. “మేడమ్, మా అన్నను మీ దగ్గరికి తీసికొని రావచ్చునా?” అన్నాడు.

ఆమె తన ఫోనులో తేదీ చూచుకొని, వచ్చే శనివారం సాయంత్రం తీసికొని రమ్మన్నది. మెట్లు దిగబోతూ వెనుకకు తిరిగి, “ఇప్పుడున్న రెజ్యూమే తేవద్దని చెప్పు. ఈ అయిదేళ్ళూ ఏ నెలలో ఏం చేశాడో ఒక తెల్లకాగితం మీద వ్రాసికొని రమ్మను. తెలుగులో వ్రాసినా పరవాలేదు” అన్నది.