చార్మినారు చెంత బండి నిలుపు చోటు

కొంతకాలము క్రిందట మా అక్కగారి కుమార్తెకు వివాహము నిశ్చయమయ్యెను. పెండ్లిగాజులు హైదరాబాదు లాడ్‌బజారులోనే కొనవలెనని మా అమ్మ పట్టుపట్టెను. ఆమెకు డెబ్బది నాలుగేండ్లు. చిన్నతనమున తన తండ్రిగారి చేయి పట్టుకొని ఆ వీథిలో నడచెనట. మా మేనల్లుడు క్రొత్తగా కారు కొనియుండెను. "అమ్మమ్మా! నీవు అడుగు తీసి అడుగు వేయనక్కరలేదు. అంగడి వాకిటనే దింపెదను" అని చెప్పి మమ్ము ఎక్కించుకొని బయలుదేరెను.

నయాపూలు దాటువరకు అంతయు బాగుగనే యుండెను. మదీనా కూడలి చేరునప్పటికి కారు నత్తనడక పట్టెను. చార్మినారు చుట్టును మోటారుబండ్లను రానీయరు గనుక పోలీసులు మమ్ము ప్రక్కదారికి మరల్చిరి. ఖిల్వతు వైపు ఒకసారి, షాలీబండ వైపు ఒకసారి పోతిమి. బండి నిలుపుటకు చోటు దొరకలేదు. ఒకచోట ఖాళీ కనబడి ఆపబోగా, అంగడి యజమాని పరుగున వచ్చి అదలించెను. వేరొకచోట తోపుడుబండిపై జామపండ్లు అమ్ముకొనువాడు దండము పెట్టి బ్రతిమాలుకొనెను. ఇట్లు గంటకు పైగా తిరిగితిమి. ఇండ్లకప్పుల మీదుగా మీనారులు ఒకమారు కుడివైపున, ఒకమారు ఎడమవైపున కనబడుచునే యుండెను. చివరకు మా మేనల్లుడు విసిగి కారును ఇంటిదారి పట్టించినప్పుడు మా అమ్మ, "ప్రదక్షిణమైనది గాని దర్శనము కాలేదురా!" అనెను.

అప్పుడందరము నవ్వితిమి. కాని ఆ మాట నన్ను చాల దినములు వదలలేదు. నగరము నడిబొడ్డునకు జనులు రావలెనన్నచో, అచ్చట బండ్లు నిలుపుటకు మరింత చోటు కల్పింపవలెనా? లేక ఉన్న చోటును గూడ నడచువారికి విడిచిపెట్టవలెనా? విద్యార్థులారా! ఇది హైదరాబాదునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. విజయవాడలో బీసెంటు రోడ్డునకు, విశాఖపట్టణములో పూర్ణామార్కెట్టునకు పోయినవారికిని ఇది తెలిసిన బాధయే. నడచువారికే విడువవలెనని నా యభిప్రాయము. ఐతే ఎదుటి పక్షము వారు తెలివిమాలినవారు కారు. వారి మాటలోని న్యాయమును గూడ చెప్పెదను.

మొదట ఆ స్థలమెట్టిదో చూడుడు. చార్మినారును 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించెను. నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు, వాని కూడలిలో ఈ కట్టడము, దాని చుట్టును నగరము. ఉత్తరమున కొలది దూరములో గుల్జారుహౌజు అను నీటికొలను, దాని నాలుగు ప్రక్కల నాలుగు కమానులు కలవు. ఆ వీథులు మనుష్యులు నడచుటకును, గుఱ్ఱములును పల్లకీలును పోవుటకును తీర్చినవి. నాలుగువందల యేండ్ల పిమ్మట బస్సులు, ఆటోలు, కార్లు, లెక్కకుమిక్కిలి స్కూటర్లు తమ సందులలో దూరునని ఆ పట్టణమును తీర్చినవారు కలగనలేదు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

తరువాతి తరమువారు సయితము నడచువానిని మరువలేదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరములో ఘోరవిపత్తు సంభవించెను. ఆ పిమ్మట 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడెను. ఆ బోర్డు చేయించిన పనులలో పత్థర్‌గట్టి బజారు ఒకటి. విశాలమైన వీథికి ఇరుప్రక్కల చెక్కిన రాతితో కమానులు కట్టి, వాని వెనుక అంగళ్లు ఏర్పరచిరి. అంగడికి వచ్చువాడు ఎండకు కందక, వానకు తడియక, కమానుల నీడనే ఈ కొననుండి ఆ కొనకు నడచిపోవచ్చును. బజారు కట్టించువారికి ఉండదగిన తెలివి ఇది! నేడు ఆ నీడలో సరకుల మూటలు కూర్చున్నవి. మెట్లకెదురుగ స్కూటర్లు నిలిచియున్నవి. వచ్చిన మనిషి నడివీథిలో ఎండలో బండ్ల నడుమ దారి వెదకుకొనుచున్నాడు.

ఇక లెక్క చూతము. ఇది ఎనిమిదవ తరగతి వారికి కష్టమైన లెక్క కాదు. చిన్నకారు పొడవు పండ్రెండు పదుమూడడుగులు. ఆ ప్రాంతమున చిన్న అంగడి ముఖము వెడల్పు ఎనిమిది పదడుగులు. అనగా ఒక కారు నిలిచినచో, ఒక అంగడి పూర్తిగను, దాని ప్రక్క అంగడి కొంతయు మరుగుపడును. ఆ కారులో వచ్చినవారు ఇద్దరో ముగ్గురో. వారు రెండు గంటలు ఒక్క అంగడిలోనే కూర్చుండినను కారు ఆ చోటును విడువదు. మూడు కార్లంత పొడవుగల బస్సు నలుబదిమందిని దింపి ఒక నిమిషములో సాగిపోవును. వర్తకునకు కావలసినది కారా, కారులోని మనిషియా? మనిషియే ఐనచో, కొలది చోటులో ఎక్కువమందిని తెచ్చు బండి ఏదో వేరుగ చెప్పవలసిన పనిలేదు. ఇంకొక చిత్రము కలదు. ప్రొద్దున అంగడి తెరచినది మొదలు రాత్రి మూయువరకు వాకిట కదలక నిలుచు బండ్లు ఎవరివని విచారించితిని. వానిలో చాల భాగము ఆ అంగళ్ల వారివియు, వారి గుమాస్తాలవియునే! కొనవచ్చువారికి చోటు లేదని మొఱపెట్టుకొనువారే ఆ చోటును ఆక్రమించియున్నారు.

బండ్లను ఆపినచో బేరములు పడిపోవునని వర్తకుల భయము. ఈ భయమునకు సమాధానము రంజాను మాసపు రాత్రులలో దొరకును. ఆ రాత్రులందు పోలీసులు బండ్లను దూరముననే మరల్చుదురు. మదీనానుండి చార్మినారు వరకు, చార్మినారునుండి మక్కామసీదు వరకు నేల ఈనినట్లు జనము. పిల్లలను భుజములపై నెత్తుకొన్న తండ్రులు, బట్టలు బేరమాడు తల్లులు, అత్తరు సీసాలు, ఖర్జూరములు, చెప్పులు, గాజులు! హలీము తినుటకై నగరపు ఆవలికొననుండి వచ్చి, దూరముగా బండి దిగి నడచువారెందరో. ఏడాదిలో ఆ వీథులకు అంతటి బేరము మరియొక మాసమున లేదని వర్తకులే చెప్పుదురు. బండి గుమ్మము ముందర ఆగినందువలననే బేరము జరుగునను మాట నిజమైనచో, బండి దరికి రాలేని ఆ రాత్రులలో అంగళ్లు వెలవెలపోవలసినది గదా! చేతిలో ఉన్న సాక్ష్యమును విడిచి మనము ఊరక భయపడుచున్నాము. 2021 అక్టోబరులో "ఏక్ శామ్ చార్మినార్ కే నామ్" అను పేరుతో ఆదివారము సాయంకాలములందు అచ్చట వేడుకలు ప్రారంభించినప్పుడును జనులు కుటుంబములతో తరలివచ్చిరి.

ఇతర దేశములందును ఇదే భయము కలిగెను. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో స్ట్రోయెట్ అను పెద్ద అంగళ్ల వీథికి 1962లో మోటార్లను నిషేధించిరి. వర్తకులు మొదట ఎదిరించిరి. ఆ వీథి నేటికిని నడచువారితో కళకళలాడుచున్నది. అంత దూరమేల? చెన్నపట్టణములో, తెలుగువాడైన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరములో, పాండీబజారు కాలిబాటలను వెడల్పుచేసి 2019 నవంబరులో ప్రారంభించిరి. పెండ్లిచీరలకు అచ్చటికి పోవు మనవారు నేడు ఆ వెడల్పైన బాటపై తీరికగా నడచుచున్నారు. ఢిల్లీలోని చాందినీచౌకును 2021లో బాగుచేసి, పగటివేళ మోటారుబండ్లు రాగూడదని నియమము పెట్టిరి. ఐతే కాపలా సడలినప్పుడెల్ల బండ్లు మరల చొరబడుచున్నవని అచ్చటివారి ఫిర్యాదు. రాళ్లు పరచుట సులభము. దినదినము నియమమును నిలుపుటయే కష్టము.

మన చార్మినారు వద్దను జరిగినది సగముపనియే. బండ్లను ఆపవలెనను ఆలోచన పుట్టి రెండు దశాబ్దములు దాటినది. ఇప్పటికి చుట్టును రాతిపలకలు పరచిరి, అడ్డుకట్టలు పెట్టిరి. కట్టడమునకు ఇది అవసరమే. 2019 మే నెలలో ఒక మీనారునుండి గచ్చుపెళ్ల ఊడిపడుట చూచి నగరమంతయు కలతచెందెను. కాని బండి దిగినవాడు ఎట్లు రావలెను? దూరముగ ఎచట నిలుపవలెను? నడచి అలసినచో ఎచట కూర్చుండవలెను? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకయే బండ్లను ఆపినందున, ఆ బండ్లన్నియు ప్రక్క సందులలోనికి పోయి ఇరుకున పడినవి. ఆ సందులలో కాపురమున్నవారి సంగతి యేమి? వారి వాకిట ఎవరిదో కారు నిలుచును. రోగి కొఱకు ఆంబులెన్సు రాలేదు. చార్మినారు చూడవచ్చువాడు రెండు గంటలుండి పోవును. వారు అచ్చటనే పుట్టి పెరిగినవారు. వారి ఇబ్బందిని లెక్కింపని యే యేర్పాటును నేను మెచ్చుకొనజాలను.

తోపుడుబండ్ల వారిని పంపివేసినచో చోటు కలుగునని కొందరనుదురు. ఇది నాకు సమ్మతము కాదు. కారు నిలుపుటకై జామపండ్లవానిని గెంటుట ఏమి న్యాయము? వీథివర్తకుల జీవనమును కాపాడుటకు 2014లో పార్లమెంటు చట్టమే చేసినది. వారికి గీతగీచి చోట్లు చూపవలెను. నడచుదారిని మూయకుండ చూడవలెను. అంతకు మించి చేయబూనినచో, ఆ బజారులోని జీవమే పోవును.

నేను కోరునది పెద్దపని కాదు. అఫ్జల్‌గంజు నుండి చార్మినారు దరివరకు పది నిమిషములకొక చిన్నబస్సు కావలెను. మూసీ యొడ్డున కార్లు నిలుపుటకు రుసుముతో చోటు కావలెను. కేంద్రమునకు దగ్గరగు కొలది ఆ రుసుము హెచ్చవలెను. సరకుబండ్లు తెల్లవారుజామున వచ్చిపోవలెను. పత్థర్‌గట్టి కమానుల నీడను నడచువారికి మరల ఇప్పింపవలెను. బల్లలు, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉండవలెను. ముసలివారిని, కాళ్లు లేనివారిని అంగడివరకు చేర్చుటకు చిన్న విద్యుద్బండ్లు కొన్ని చాలును. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు మహాత్మాగాంధీ బస్సుస్టేషను వరకు వచ్చెను. పాతనగరపు మార్గమునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగెను. ఆ మార్గము పూర్తియైననాడు చాలమందికి కారు అక్కర తీరును. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనేల?

ఆ ఆదివారము విఫలమైన పిమ్మట, బుధవారమునాడు మా అమ్మయు నేనును మెట్రోలో పోతిమి. బస్సుస్టేషను కడ దిగి మదీనా వరకు ఆటోలో వెళ్లి, అచటనుండి మెల్లగా నడచితిమి. అమ్మ మూడుచోట్ల ఆగెను. బల్ల యెక్కడను లేదు. ఒకచోట మూసిన అంగడి మెట్టుమీద కూర్చుండెను. లాడ్‌బజారులో ఒక గాజుల వర్తకుడు స్టూలు వేసి, మంచినీళ్లు తెప్పించెను. నిప్పులసెగకు లక్కను కరగించి, కంకణముగ చుట్టి, అద్దపు తునకలను ఒక్కొక్కటిగా పొదుగుట చూచి ఆమె తన వయస్సు మరచెను. ఆ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. గంటన్నర కూర్చుండి ఆరుడజన్లు కొనెను. ఆ వర్తకుడిట్లనెను: "అమ్మా! కారులో వచ్చినవారు ఒక డజను కొని, బండిని పోలీసులు ఎత్తుకొనిపోవుదురేమో యని పరుగెత్తెదరు. ఇట్లు నిదానముగా కూర్చున్నవారే మాకు బేరము." కార్లకు చోటు వలదనియే మీ మతమా యని నేనడిగితిని. ఆయన నవ్వి, "చోటు కావలెనని మా బజారువారు వ్రాసిన అర్జీలో నేనును సంతకము చేసితిని. అందరును చేసినప్పుడు నేనొక్కడనే మానుటెట్లు?" అనెను.

మొన్న మా చిన్నమేనకోడలికి సంబంధము కుదిరినది. మరల లాడ్‌బజారు ప్రయాణము తప్పదు. మేనల్లుడు కారు సంగతి ఎత్తగనే అమ్మ చేయి అడ్డముగ త్రిప్పెను. నావైపు తిరిగి ఒక్కటే అడిగెను: "ఆ దారిలో కూర్చుండుటకు బల్లలు వేసిరా?"