పత్తికి ఇంకో బస్తా యూరియా కావాలా? జవాబు మట్టిలో కాదు, ఆకు కాడలో

మీరుండేది మధురవాడ ఫ్లాట్‌లో. ఊళ్లో, సాలూరు వైపో రామభద్రపురం వైపో, నాన్నగారి పేరు మీద రెండెకరాల పత్తి. ఆగస్టు వచ్చేసరికి ఫోన్ వస్తుంది: ‘చేను ఎర్రబడుతోంది, ఇంకో బస్తా వేద్దామా?’ 2025 ఖరీఫ్‌లో ఆ బస్తా కోసమే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. అసలు ఆ చేనుకు యూరియా అవసరమా అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు.

భూసార కార్డు ఉంది కదా అంటారా? 2015 ఫిబ్రవరి 19న మొదలైన ఆ పథకంలో మట్టికి 12 పరీక్షలు చేస్తారు. నత్రజని కూడా అందులో ఒకటి. చిక్కల్లా నత్రజని కుదురుగా ఉండకపోవడమే. వేసవిలో తీసిన మట్టిలో ఉన్నది జులై వానకు కిందికి దిగిపోవచ్చు, కొంత గాలిలో కలిసిపోవచ్చు. భాస్వరం విషయంలో నమ్మినట్టు నత్రజని విషయంలో ఆ కార్డును నమ్మలేం. మొక్క ఈ వారం ఎంత తీసుకుందో మొక్కనే అడగాలి. ఆకు పరీక్ష ఆ 12లో లేదు.

ఎలా అడుగుతారు?

ప్రధాన కాండం కొన నుంచి నాలుగో ఐదో ఆకు, అంటే పూర్తిగా విచ్చుకున్న లేత ఆకు తీసుకుంటారు. ఆకును అక్కడే తుంచేసి కాడను మాత్రం ఉంచుతారు. వేళ్లు తాగిన నైట్రేట్ ఆకుకు చేరేది ఆ కాడ గుండానే. పూతకు వారం ముందు మొదలుపెట్టి వారం వారం చూస్తే గీత కిందికి దిగుతూ కనిపిస్తుంది. కాయలు నత్రజనిని లాక్కుంటాయి కాబట్టి దిగడం సహజం. మరీ త్వరగా దిగితేనే ఎరువు వేయాలి. అమెరికాలో అర్కాన్సాస్ పత్తి రైతులకు ఈ పద్ధతి దశాబ్దాలుగా తెలుసు.

అక్కడి అంకెలు ఇక్కడ అతికించుకుంటే మాత్రం మోసపోతాం. మన ఉత్తరాంధ్ర పత్తి ఎక్కువగా వర్షాధారం. పదిహేను రోజులు వాన లేకపోతే నేలలో ఎరువున్నా వేరు తాగలేదు, కాడలో నైట్రేట్ పడిపోతుంది. అప్పుడు కావాల్సింది తడి, బస్తా కాదు. అందుకే మన హైబ్రిడ్లకు, మన నేలలకు హద్దులు గుంటూరు లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట కట్టాలి. ఫలితం కూడా మూడు నాలుగు రోజుల్లో చేతికందాలి. నెల తర్వాత వచ్చే రిపోర్టు పత్తికి పనికిరాదు. జిల్లా ల్యాబుకు కవర్లు మోయించడం కంటే రైతు సేవా కేంద్రంలోనే చిన్న నైట్రేట్ మీటరు పెట్టడం తెలివైన పని.

ఇక ఎర్రబడటం సంగతి. పత్తి ఆకు ఎర్రబడితే చాలామంది మొదట నత్రజనినే అనుమానిస్తారు. చాలాసార్లు అది మెగ్నీషియం లోపం. దానికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. యూరియా వేస్తే ఎరుపు పోదు. మొక్క ఏపుగా పెరిగి, పచ్చదోమ లాంటి రసం పీల్చే పురుగులు చేరి, పంట ఆలస్యమై గులాబీ రంగు పురుగుకు ఇంకొన్ని వారాల మేత దొరుకుతుంది.

మరి రైతు ఎందుకు ఆగడు? 45 కిలోల బస్తా రూ. 266.50. పత్తికి ఎకరానికి 60 కిలోల నత్రజని అనుకుంటే దాదాపు మూడు బస్తాలు, ఎనిమిది వందల రూపాయలు. నాలుగో బస్తా వేయడం పరీక్ష చేయించడం కంటే సులువు. అసలు ఖర్చులో మిగతాదంతా సబ్సిడీ, అంటే మీరూ నేనూ కట్టే పన్ను.

ఈసారి ఫోన్ వస్తే చేను ఫొటో ఒక్కటే అడగకండి. చివరి వాన ఎప్పుడు పడింది, ఇప్పటికి ఎన్నిసార్లు యూరియా వేశారు, ఎరుపు ముదురాకులో ఉందా లేతాకులో ఉందా అడగండి. ముదురాకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియాన్ని అనుమానించండి. నమూనా పంపే వీలుంటే బాగున్న మొక్కల కాడలు ఒక కాగితం కవరులో, ఎర్రబడ్డవి ఇంకో కవరులో, ఒక్కోదానికి పాతికకు తగ్గకుండా, ఉదయం పూట తీయమనండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మకు కుళ్లిపోతాయి. సందేహమైతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు.