దింపనని చెప్పగలిగేవారితోనే దిగాలి

బెలుం గుహల్లోకి దిగేవారికి ఊపిరి గురించి ఆలోచించే అవసరం అంతగా రాదు. కొలిమిగుండ్ల మండలంలోని ఈ సున్నపురాతి బిలం పొడవు 3,229 మీటర్లని కొలిచినవారు తేల్చారు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు మేరకే సందర్శకులను పోనిస్తున్నారు. లోపలికి యంత్రాలతో గాలి పంపుతారు, దారి పొడవునా దీపాలుంటాయి. భూమట్టానికి సుమారు 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ దగ్గర ఉక్కపోసి ఎవరికైనా గుండె దడ పుడితే, వెనుదిరిగి మెట్లెక్కి వచ్చేయవచ్చు. విశాఖ సముద్రంలో ఆ లోతులో నాలుగో వంతుకు దిగినా ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ మన ఊపిరి వీపున ఉన్న సిలిండర్‌లో, దాన్ని నింపి తగిలించిన మనిషి శ్రద్ధలో ఉంటుంది. అహోబిలం, యాగంటి చూసుకుని బెలుంలో గంటన్నర ఆగే యాత్రికుడికీ, ఓడ దిగి విశాఖలో ఒక్కపూట గడిపే ప్రయాణికుడికీ తొందర ఒక్కటే. ఆ తొందరకు చెల్లించే మూల్యం మాత్రం ఒక్కటి కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2022 జూన్‌లో కార్డీలియా విహార నౌక విశాఖ వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడి పోర్టులో ప్రత్యేక క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రుషికొండ తీరంలో స్కూబా డైవింగ్ చేయించేవారూ ఉన్నారు. ఈత రాకపోయినా ఫర్వాలేదు, లోతు తక్కువే అని చెబితే చాలామంది ధైర్యపడతారు. నిజానికి లోతు తక్కువన్న ధీమాయే ప్రమాదకరం. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీదకంటే రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి భయంతో పైకి లేస్తే, అది ఊపిరితిత్తుల్లో వ్యాకోచించి వాటిని చీల్చగలదు. పీల్చిన గాలి ఇంతగా వ్యాకోచించేది ఈ పై పది మీటర్లలోనే. అందుకే మొదటిసారి దిగేవారి పక్కన చేయి అందే దూరంలో శిక్షకుడు ఉండితీరాలి.

మరి ఆ మనిషిని ఒక్కపూటలో ఎంచుకోవడం ఎలా? ధర, నీటి అడుగున తీసిన ఫొటోలు, నవ్వు మొహం ఇవేవీ కొలమానాలు కావు. నాకు తెలిసిన గట్టి పరీక్ష ఒక్కటే: ఈ నిర్వాహకుడు మనల్ని దింపనని చెప్పగలడా? ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, కనీసం జలుబు ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకునేవాడు ఆ జవాబులను బట్టి బేరం వదులుకోవడానికి సిద్ధపడ్డట్టే. పరిచయ డైవ్‌లో 12 మీటర్లు దాటకూడదని, ఒక శిక్షకుడి వెంట నలుగురికి మించి ఉండకూడదని డైవింగ్ శిక్షణ సంస్థ ‘పాడి’ (PADI) నియమం. ఐదో మనిషిని కాదనగలిగినవాడు దాన్ని పాటిస్తాడు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం ఎగసిపడుతుంది, నీరు మసకబారుతుంది. ఓడ షెడ్యూలుకు మాత్రం ఆ సంగతి పట్టదు. కాబట్టి సముద్రం బాగాలేకపోతే డబ్బు పూర్తిగా వెనక్కిస్తారా అని బుక్ చేసుకునేటప్పుడే అడగాలి. ఇవ్వనంటే, ఆ రోజు అలలను చూసి నిర్ణయం తీసుకునేది అతని జేబే. పడవలో ఆక్సిజన్ ఉందా, ఆస్పత్రి ఎంత దూరం అన్న ప్రశ్నలకు తడుముకున్నా అక్కడితో ఆగడం మేలు.

ఓడవాళ్ల దగ్గరే డైవింగ్ టికెట్ కొంటే ఈ బాధ తప్పుతుంది కదా అనవచ్చు. కొంత నిజమే. వాళ్ల యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. కానీ డైవింగ్ చేయించేది చాలాసార్లు ఒడ్డునున్న వేరే సంస్థ. జరగరానిది జరిగితే బాధ్యత తమది కాదని క్రూయిజ్ కంపెనీలు టికెట్ షరతుల్లో ముందే రాసుకోవడం మామూలు. అంటే పేరు ఓడదైనా పరీక్ష మాత్రం మనదే. ఇన్ని ప్రశ్నలు, సర్టిఫికెట్లు అడిగితే తీరంలో పుట్టి పెరిగిన మత్స్యకార యువకుల పొట్ట కొట్టినట్టవుతుందన్నది మరో వాదన, మనసుకు తగిలేది కూడా. సముద్రం గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? అయితే ఒత్తిడి, రక్తంలో నత్రజని, గాయపడ్డ ఊపిరితిత్తి వేరే విద్య. పర్యాటక శాఖ వాళ్లకు ఆ శిక్షణ ఖర్చు భరించాలి, అంతేగాని సర్టిఫికెట్ అక్కర్లేదనడం సాయం కాదు. అనుమతి ఉందో లేదో అడగకుండా ఎక్కితే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం, కృష్ణా పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒక్కరోజు విహారానికి ఒంగోలు నుంచి వచ్చినవారే.

కనుక ఈ ప్రశ్నలు రేవులో నిలబడి కాదు, ఇంట్లో ఉండగానే, ఓడ టికెట్ కొన్న వారంలోనే ఫోనులో అడగాలి. చివరగా ఒక సంగతి గమనించండి. ఒక డైవ్ చేశాక కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. మీ తిరుగు ప్రయాణం విమానంలోనా, ఎన్ని గంటలకు అని మీకన్నా ముందు అవతలివాళ్లే అడిగితే, అడ్వాన్స్ పంపండి.